ఆరు గంటల నిద్ర, అయిదు గంటల అజాన్

గుండ్లవాగులో దూదేకుల హుస్సేనప్ప ఇంట్లో వాళ్ళంత తెలివిగలవాళ్ళు చుట్టుపక్కల ఏడూళ్ళలో లేరు. ఈ మాట ఎవరన్నారంటారా? వాళ్ళే అన్నారు. హుస్సేనప్ప, వాడి పెళ్ళాం దస్తగిరమ్మ, తమ్ముళ్ళు నన్నేసాబు, బుడేసాబు, నలుగురూ అన్నానికి కూర్చుంటే ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకునేసరికి కూర చల్లారిపోయేది.

కానీ ఊరు నమ్మాలి గదా! పరుపు కుట్టమని దూది ఇచ్చేవాళ్ళే తప్ప, వాళ్ళను నమ్మి ఇంకో పని అప్పజెప్పేవాళ్ళు లేరు. హుస్సేనప్పకు అదే కడుపులో బాధ. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఊరంతా తన మాట వింటే చాలనుకునేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ ఖాదర్‌వలి తాత కంటి ఆపరేషన్‌కని పట్నం బయల్దేరాడు. మూడు పొద్దులు ఊళ్ళో ఉండడు. మైకు చూస్తే కాలిపోయి ఉంది. మైకు లేకుండా వాగవతలికి వినబడే గొంతు హుస్సేనప్పదొక్కటే. గతిలేక తాత వాణ్ణే పిలిచి, తెల్లవారుజామున అయిదింటికి ఫజర్ నమాజుకి అజాన్ ఇవ్వాలనీ, వాడు లేస్తేనే ఊరు లేచేదనీ చెప్పాడు. మనిషికి ఆరు గంటల నిద్ర ఉండాలి, తగ్గితే నిలబడే తూగుతావన్నాడు. అలారం గడియారం మటుకు దూరంగా పెట్టుకో, చేతికందితే నొక్కేసి మళ్ళీ పడుకుంటావన్నాడు.

దూరమంటే ఎంత దూరమని నలుగురూ తర్జనభర్జన పడ్డారు. గూట్లో పెడితే అందుతుంది. వాకిట్లో పెడితే లేచి వెళ్ళి నొక్కొచ్చు. ఎందుకొచ్చిన అనుమానం, ఊరి పొలిమేర రాయి మీద పెట్టి రమ్మంది దస్తగిరమ్మ. అంతే, నన్నేసాబు పోయి పెట్టొచ్చాడు. తెల్లవారుజామున అది గణగణా మోగింది. అక్కడ మంద కాస్తున్న గొర్రెల కాపరి లేచాడు, గొర్రెలు లేచాయి, హుస్సేనప్ప లేవలేదు. ఊరికి నమాజు తప్పింది. పాపం గడియారం తప్పేమీ లేదు, దాని పని అది చేసిందని ఇంటిల్లిపాదీ సర్టిఫికెట్ ఇచ్చారు.

రెండో రోజు, గడియారంతో పని లేదు, మనలో ఒకరు మేలుకునే ఉండాలనుకున్నారు. మరి ఆరు గంటల నిద్రో? బుడేసాబు వేళ్ళు ముడిచి లెక్కేశాడు. మనం నలుగురం, తలా గంటన్నర పడుకుంటే ఆరు గంటలూ పూర్తి అన్నాడు. హుస్సేనప్ప మురిసిపోయి తమ్ముణ్ణి కావలించుకున్నాడు. తొమ్మిదికి మొదలుపెట్టి, ఒకరి తర్వాత ఒకరు పడుకుని, మూడింటికల్లా ఇంటి నిద్రంతా పూర్తి చేసేశారు. ఇంకేముంది, నలుగురూ పోయి మసీదు మెట్ల మీద కూర్చుని అయిదెప్పుడవుతుందా అని చూశారు. చూసి చూసి ఒకరి మీద ఒకరు ఒరిగి గుర్రు పెట్టారు. ఎండ చురుక్కుమన్నాక లేచి, ఆరు గంటలు దాటి ఎక్కువే నిద్రపోయామే, మిగిలింది రేపటికి పనికొస్తుందా అని అడిగింది దస్తగిరమ్మ.

ఊరు ఊరంతా దుమ్మెత్తిపోసింది. తాత ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, ఎవరినన్నా లేపమని చెప్పుకోరా నాయనా, నీకు పుణ్యముంటుందని బతిమాలాడు. హుస్సేనప్ప కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మిగిలింది ఒక్క పొద్దు. ఇదీ తప్పితే తనను ఇక జన్మలో ఎవరూ నమ్మరు.

ఎవరినన్నా అన్నాడు సరే, ఎవరినని ఎంచేది? ఒకరికి చెప్పి ఒకరికి మానితే నొచ్చుకుంటారు గదా! ఇల్లిల్లూ తిరిగి అందరికీ చెప్పాడు. అంతే, వీడి నిద్ర వదిలించాలన్న కసితో నాలుగింటికే మగవాళ్ళందరూ వచ్చి వాకిట్లో వాడి మంచాన్ని ఎత్తి కుదేశారు. ముందొకరు, వెనకొకరు పట్టుకుని మసీదుకి నడిపించారు. అయిదైంది. అజాన్ ఇచ్చేవాళ్ళు చేసినట్టే హుస్సేనప్ప చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆగిపోయాడు.

ఏమైందిరా అన్నాడు ముందున్న కిరాణా కొట్టు మదార్ మామ.

"పొద్దుటి అజాన్‌లో, నిద్రకన్నా నమాజు మేలని చెప్పాలి గదా మామా. అది నిద్రపోయేవాళ్ళకు చెప్పే మాట. మీరంతా మేలుకునే ఉంటిరి. అల్లా ఇంటి ముందు నిలబడి ఉత్తుత్తి మాట ఎట్లా చెప్పేది?"

చీకట్లో లేచొచ్చినవాళ్ళు, వాదించే ఓపిక ఎవరికుంది? మరి ఏం చేద్దామంటావురా అంటే, కాసేపు పడుకోండి, లేపుతానన్నాడు. నడుం వాల్చడమే పాపం, మసీదంతా గుర్రుతో మోగిపోయింది. హుస్సేనప్ప మళ్ళీ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు తట్టింది వాడికి. మనిషికి ఆరు గంటల నిద్ర ఉండాలి. వీళ్ళు ఇప్పుడే గదా పడుకున్నది!

మొదటి బస్సు దిగి, కంటికి పట్టీతో తాత వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. లోపల జనం వరసలు వరసలుగా పడి ఉన్నారు. బయట నన్నేసాబు కోడిపుంజు ముక్కు బిగించి పట్టుకున్నాడు, బుడేసాబు ఇంకో పుంజు వెంట పరిగెత్తుతున్నాడు, దస్తగిరమ్మ చప్పుడు కాకుండా కాకుల్ని తోలుతోంది. తాత నోరు తెరిచేలోపే హుస్సేనప్ప ఉరికొచ్చి మూసేశాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"మెల్లగా తాతా. ఊరంతా నా మాట విని పడుకుంది. వీళ్ళని పదకొండుకి లేపుతా. నువ్వూ బస్సులో నలిగొచ్చినట్టున్నావు, ఆ చివర పడుకో. ఇప్పుడు ఏడు గదా, నీ అజాన్ నీకు వేరేగా ఒంటిగంటకి ఇస్తాలే."