బీబమ్మ కుబుసం

నువ్వు నా కడుపులో ఉండంగా మీ నాయనకు ఒకటే దిగులు, ఫకీరమ్మా. చిరగని కుబుసం ఒకటి కావాల.

మన పాములోళ్ళలో నెలలు నిండినదాని మొలకు కుబుసం చుట్టేది ఆచారం. మూతి కాడి నుంచి తోక దాకా ఒకటే ముక్కగా ఉండాల. అది చుట్టుకుంటే పాము పొర వదిలినంత సులువుగా బిడ్డ బయటికొస్తాదంటారు. నీకు ముందు ఇద్దరు పోయిరి నాకు, ఇద్దరూ కాన్పులోనే. రెండో తూరి చుట్టిన కుబుసం నడిమధ్యన చిరిగి ఉందని, అందుకే అట్టా అయిందని మా అత్త తేల్చేసింది. మీ నాయన ఆ మాట పట్టుకున్నాడు.

అప్పటికి మూడేండ్లుగా ఆయన జమాల్ తాత కాడ పని నేర్చుకుంటా ఉన్నాడు. జమాల్ తాతంటే కొండ కింద దర్గా పక్కన గుడిసెలో ఉండే ఫకీరు. ఇండ్లల్లో దూరిన పాముల్ని పట్టి అడివిలో వదిలేది ఆయన పని. ఎవురినన్నా పాము కరిస్తే ఆయన మంత్రమేస్తాడని మోసుకొచ్చేటోళ్ళు. ఆయనేమో ముందు బస్సెక్కండి, ఆసుపత్రికి పోదాం, మంత్రం దోవలో చూసుకుందాం అని తనే పక్కన కూచుని పొయ్యేటోడు.

ఆయన గుడిసెలో ఒక జెర్రిగొడ్డు, విషం లేని పాము, ఉండేది. నాగలి కర్రు తగిలి నడుము చీలితే తెచ్చి సాకినాడు. మానినాక అది పోలేదు. దానికి బీబమ్మని పేరు పెట్టినాడు. నాకు పెండ్లాం లేని లోటు తీరిపాయ, పొద్దస్తమానం బుసలు కొడతా ఉంటాది అనేటోడు.

ఆ ఏడు వానల్లేవు. నాకు తొమ్మిదో నెల పడినాక బీబమ్మ కండ్లు బియ్యం కడుగునీళ్ళ మాదిరి తెల్లబడినాయి. పొర వదిలే ముందర అట్నే అయితాయి. మీ నాయన మొగం ఎలిగిపాయ. తాత అప్పుడే చుట్టాలింట్లో ఎవురో పొయినారని ఊరికి పోతా, దాన్ని మీ నాయనకు అప్పజెప్పినాడు. నీళ్ళు పెట్టు, చూస్తా ఉండు, అంతే అన్నాడు.

పొర ఊడలేదు. గాలి పొడి గదా, ఒంటికి కరుచుకొని పొయింది. పెదిమల కాడ కొంచెం లేచి, మెడ కాడ ఆగిపొయింది. అది రాళ్ళకేసి రుద్దుకునేది, అలిసి పడుకునేది, మళ్ళా రుద్దుకునేది. మీ నాయన కూడు నీళ్ళు లేకుండా దాని ముందరే కూచునేటోడు. అది తిండి మానేస్తే ఈయనా మానేసినాడు.

ఐదో దినం నేనే గిన్నెలో సంగటి పెట్టుకొని గుడిసె కాడికి పొయినా. పొయ్యేసరికి వేళ్ళకు నూనె పూసుకొని, బీబమ్మ మెడను మోకాళ్ళ మధ్యన పెట్టుకొని, గోటితో పొర లాగతా ఉన్నాడు. చిరగకుండా, నిదానంగానే లాగతా ఉన్నాడు పాపం. రెండు వేళ్ళంత పొర ఊడొచ్చింది. దాంతోపాటు కింద పచ్చి తోలు గూడా లేచొచ్చింది. నెత్తురు కారింది.

బీబమ్మ కరవను గూడా లేదు. అట్నే ముడుచుకుంది. మీ నాయన దాన్ని నేల మీదికి వదిలినాడు.

"చంపేసినా గదే," అన్నాడు.

 నేను సంగటి గిన్నె కింద పెట్టి గడప మీద కూచున్నా.

సరిగ్గా అప్పుడే తాత వచ్చినాడు, భుజాన మూటతో. నెత్తురు చూసినాడు. మీ నాయన వేళ్ళ మీది నూనె చూసినాడు. నా కడుపు చూసినాడు. తిడతాడనుకున్నా, తిట్టలేదు. మీ నాయనే అంతా చెప్పుకొని ఏడ్చినాడు. ఏడిస్తే దానికి చెమ్మ తగులుతాదనుకుంటివా, అట్టైతే ఇటు తిరిగి ఏడువు అన్నాడు తాత.

గాయానికి పసుపద్దినాడు. తరవాత తన నెత్తికున్న పచ్చ తలగుడ్డ ఇప్పినాడు. అది దర్గాలో కట్టించుకున్నది, ఎవుర్నీ ముట్టనిచ్చేటోడు కాదు. దాన్ని నీళ్ళ కుండలో ముంచి, సగం పిండి, గొట్టం మాదిరి చుట్టి మీ నాయన చేతుల్లో పెట్టినాడు. బీబమ్మ తల తెచ్చి ఆ గొట్టం మూతి కాడ పెట్టినాడు.

అది లోపలికి దూరింది. మీ నాయన చేతులు గబుక్కున బిగుసుకున్నాయి.

తాత రెండు వేళ్ళతో మణికట్టు మీద తట్టినాడు. "బిగించబాక."

మీ నాయన భయపడి చేతులు తీసేసినాడు. గుడ్డ కింద పడింది, బీబమ్మ జారి గోడవారకు పొయింది. తాత మళ్ళా తెచ్చి పెట్టినాడు.

"వదలబాక."

"మరి ఏం చెయ్యమంటావు తాతా?"

"ఉండు."

అంతే. మీ నాయన గుడ్డ పట్టుకొని ఉన్నాడు. బీబమ్మ కొంచెం తోసేది, ఆగేది. ఊపిరి తీసుకునేది. మళ్ళా తోసేది. లోపల ఎండు చెరుకాకు కదిలిన మాదిరి చప్పుడు. తాత పొయ్యి రాజేసుకొని చాయ కాచుకున్నాడు, ఇటు చూడను గూడా లేదు. ఎండ గుడిసె లోపలి నుంచి గడప దాకా జరిగింది, నా కాళ్ళ మీది నుంచి బయటికి పొయింది.

ఆ తట్టు నుంచి దాని తల వచ్చింది. తోమిన ఇత్తడి చెంబు మాదిరి నిగనిగలాడతా. ఇంత, ఇంకింత, తోక దాకా వచ్చేసింది. ఒక కంటి మీద పొర నిలిచింది. దాన్ని ముట్టబాకండి, మళ్ళా పొర వదిలేటప్పుడు అదే పోతాదన్నాడు తాత. బీబమ్మ పోయి మూకుట్లో నీళ్ళు తాగింది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది, ఆపుకోలేకపొయినా.

గుడ్డ ఇప్పితే కుబుసం ఏడెనిమిది ముక్కలు. మీ నాయన వాటిని నేల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూస్తా ఉన్నాడు.  తాత ఆ తడి గుడ్డనే తలకు చుట్టుకున్నాడు. మేము వట్టి చేతులతో ఇంటికొచ్చినాం.

అది జరిగిన పదకొండో దినం తెల్లారుజామునే నొప్పులెత్తినాయి. పొద్దెక్కింది. నువ్వు రాలేదు. మొలకు ఏమీ లేదని మా అత్త ఒక మూల ఏడుపు. మంత్రసాని కొండమ్మ కూడా మాట తగ్గించింది. మూడోది గూడా పొయినట్టే అనుకున్నా నేను.

అప్పుడు మీ నాయన తలుపు తోసుకొని లోపలికొచ్చినాడు. కాన్పింట్లోకి మగోళ్ళు రారు. నీకేం పనిరా ఈడ, నువ్వు కంటావా అనింది కొండమ్మ. అత్త చొక్కా పట్టి లాగింది. ఆయన ఇడిపించుకున్నాడు. నా వెనకమాల గోడకానుకొని కూచుని, నా చంకల కింద చేతులు పెట్టినాడు.

నొప్పి వచ్చినప్పుడు నేను ఆయన మీదికి ఒరిగి తోసేదాన్ని. మొదుట్లో ఒకతూరి ఆ చేతులు బిగుసుకున్నాయి, నాకు తెలిసింది. మళ్ళా వాటంతటవే సడలినాయి. తీసెయ్యలేదు. ఇంక అట్నే ఉండినాయి, నేనెంత తోసినా.

దర్గా కాడ మధ్యాన్నం నమాజు పిలుపు ఇనబడేటప్పుడు నువ్వు పుట్టినావు. ముందు పలకలేదు. కొండమ్మ నిన్ను తలకిందులు చేసి తట్టింది. ఆ మీదట ఏడుపు ఎత్తుకుంటివి సూడు, మా అత్త ఉన్నచోటే కూలబడి నవ్వింది. నేను ఆయన మీద ఒరిగే నిద్దరపొయినా. నాకు మెలకువ వచ్చేదాకా ఆయన కదల్లేదని కొండమ్మ ఆ సాయంత్రమే ఊరంతా చెప్పింది.

మరుసటి దినం మీ నాయన బెల్లం తీసుకొని తాత కాడికి పొయినాడు. ఈ ముక్క నాకు ఎన్నిసార్లు చెప్పినాడో. మొన్న మంచం పట్టినాక గూడా, మాట సరిగా రాకపొయినా, ఒకతూరి చెప్పినాడు.

తాత బెల్లం నోట్లో వేసుకున్నాడంట. ఆడబిడ్డా మగబిడ్డా అని అడగలేదంట.

"చేతులు నొస్తా ఉండాయా?" అన్నాడంట.

మీ నాయన చేతులు చూసుకున్నాడు. "లేదు తాతా. వీపు నొస్తా ఉంది."

"అట్టైతే సరిగ్గానే కూచున్నావు," అన్నాడంట తాత.