దండెం మీద ఖాళీ

నేను మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది తొమ్మిది వేల నాలుగు వందలు. ఏడు వేల రెండు వందలకు ఇరవై నాలుగు నాటుకోడి పెట్టలు కొన్నాను. మిగిలినదానితో పెరట్లో గూడు కట్టి, రాత్రికి అవి ఎక్కి కూర్చోవడానికి ఎనిమిదేసి అడుగుల వెదురు దండేలు రెండు బిగించాను. కూర్చున్న కోడిని టేపుతో కొలిస్తే ఎనిమిది అంగుళాలు వచ్చింది. ఇరవై నాలుగు ఎనిమిదులు నూట తొంభై రెండు. రెండు దండేల పొడుగూ కలిపితే సరిగ్గా అంతే. అంగుళం కూడా వృథా పోలేదని మురిసిపోయాను.

మూడు వారాలు తిరిగేసరికి రోజుకు పద్నాలుగు వచ్చే గుడ్లు ఆరుకు దిగాయి. పొద్దుగూకితే గూట్లో యుద్ధమే. ఒక నల్లపెట్టకు వీపు మీద ఈకల్లేవు, తల మీద ఎండిన నెత్తురు. ఇంకో రెండు వారాలు ఇలాగే సాగితే మేతకు డబ్బు చాలక అన్నిటినీ కోడిమాంసం అంగడి ఖాజాకు ఇచ్చేయాల్సిందే. అతను అప్పటికే గోడ మీంచి తొంగిచూసి, "ఏమప్పా, తూకం ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టాడు.

అందుకే హుసేనమ్మ అవ్వ దగ్గరికి వెళ్లాను. మా వైపు కోళ్లు సాకేవాళ్లంతా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. అడిగినదానికి ఆమె నోటితో జవాబు చెప్పడం తక్కువ. మనచేత ఏదో ఒక పని చేయిస్తుంది.

"అవ్వా, ఒక కోడికి ఎంత చోటు కావాలి?" అన్నాను. నా లెక్కంతా వినిపించాను. ఆమె నూకలు చల్లుతూనే విన్నది. చెబుతూ చెబుతూ ఆమె గూట్లోకి చూశాను. పన్నెండడుగుల దండెం ఒకటి, కోళ్లు పద్నాలుగు. నా లెక్కన ముప్పై రెండు అంగుళాలు ఖాళీ. ఇంకో నాలుగు కోళ్లు పడతాయని ఉండబట్టలేక చెప్పేశాను.

ఆమె కాదనలేదు. ఆ ముప్పై రెండు అంగుళాలూ కొలిపించి, ఆ మేర దండేనికి నాచేతే తుమ్మకంప కట్టించింది. మిగిలిన చోటు పద్నాలుగు కోళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఇద్దరం గూటి ముందు కూర్చున్నాం.

పొద్దు వాలింది. ఎనిమిది కోళ్లు నెమ్మదిగానే ఎక్కాయి. తొమ్మిదోది ఎగిరి నడిమధ్యన వాలింది. పక్కవి జరిగాయి, చివరిది ముల్లు గుచ్చుకుని కిందికి దూకింది. అది మళ్లీ ఎక్కితే ఇంకొకటి పడింది. ముక్కులతో పొడుచుకున్నాయి, ఈకలు లేచాయి. చూస్తుంటే మా పెరడే అది. కాసేపటికి నేనే లేచి కంప కోసి పారేశాను.

కోళ్లు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాయి. ఈసారి నేను కోళ్లను కాదు, ఖాళీని చూశాను. ముందు అది కుడి చివర ఉంది. ముసలిపెట్ట ఒకటి మధ్యలో వాలగానే అటువైపువన్నీ తలా కాస్త జరిగాయి, ఖాళీ చిన్నదైంది. ఇంకొకటి ఎడమన దూరితే ఇటువైపువి జరిగాయి. ఎవరినీ ఎవరూ పొడవలేదు. కుంటిపెట్ట అన్నిటికన్నా చివర ఎక్కింది, దానికీ చోటు దొరికింది. అన్నీ సర్దుకున్నాక ఎంత వెతికినా ఒక కోడి పట్టేంత ఖాళీ నాకు ఎక్కడా కనిపించలేదు. టేపు ముట్టని మనిషి దండేన్ని అంత కచ్చితంగా ఎలా కట్టిందో నాకు అంతుపట్టలేదు.

"నీ లెక్క తప్పేం కాదు అబ్బీ," అంది అవ్వ. "కూర్చోడానికి చోటిచ్చినావు. పక్కకి జరగడానికి ఇయ్యలేదు, అంతే."

జరగడానికి కోడికి ఎన్ని అంగుళాలని అడగబోయి ఆగిపోయాను. రేపు తెల్లవారగానే వెదురు అడితికి వెళ్లి పన్నెండడుగుల బొంగు తెస్తానని, మూడో దండెం కడతానని చెప్పాను.

"కట్టు," అంది ఆమె, గూటి తలుపు దగ్గరికి వేస్తూ. "కట్టినాక కొత్త కోడిని మాత్రం తేవాకు."