మఠం గోడ మీద వరద గీత

ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో నేను తారుమారు చేస్తానేమో. కథ మాత్రం ఇదే.

గోదావరి లంకలో సూరప్పదాసు గారి మఠం ఉండేది. పూర్వం పెద్ద వరదలో నీళ్లు ఎందాకా లేచాయో చెప్పే ఎర్ర గీత ఒకటి ఆ మఠం గోడ మీద ఉండేది. ఏటా గోడకు సున్నం వేసి, ఆ గీతను జాజుతో మళ్లీ గియ్యడం శిష్యుడు లోవరాజు పని. "జ్ఞానం కోసం వస్తే సున్నం కుండ చేతికిచ్చారు" అని సణుక్కునేవాడు.

ఆ ఏడు మఠం పక్కనే పల్లాలమ్మ ఇల్లు కట్టుకుంటోంది. వరదొస్తే పిల్లల్ని ఎక్కించడానికి గీతకు పైన అటక వేయించాలని ఆమె ఆలోచన. రెండు చోట్లా నేల సమానమే కాబట్టి, తాడు తెచ్చి గీత ఎత్తు కొలుచుకుపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది.

"ఏం తమ్ముడూ, గీత ఇదేనా?"

"ఇదే."

"మా అత్త ఇంకా పైకి చూపించేదయ్యా."

"మీ అత్తకు చూపెక్కడిది? ఏటా గీసేవాణ్ణి, నాకు తెలీదా! నా ప్రాణం తియ్యకమ్మా."

ఆ కేకలకు గురువుగారు బయటికొచ్చారు. గీత వంక చూశారు. శిష్యుడి వంక చూశారు.

"నిచ్చెన ఏదిరా?"

"అది విరిగి చాలా కాలమైందండి. సున్నం కుంచె గడకు కట్టి, లేకుండానే కానిచ్చేస్తున్నాను."

"వంగు."

"ఆయ్?"

"వంగరా!"

ముసలాయన పంచె ఎగ్గట్టి శిష్యుడి భుజాలెక్కి కూర్చున్నారు. కొబ్బరిచిప్పతో గోడ గీకడం మొదలుపెట్టారు. సున్నం పెచ్చులు లోవరాజు నెత్తిన, కళ్లలో రాలుతున్నాయి.

"దొరికిందాండీ?"

"కదలకు."

"మెడ విరిగిపోతోందండీ!"

"విరగదు. మూడు పూటలా తింటున్నావుగా."

పొర మీద పొర ఊడింది. చివరికి ఎరుపు బయటపడింది, లోవరాజు గీతకు మూరెడు పైన. పల్లాలమ్మ గబుక్కున తాడు చాపి చూసింది. చాలలేదు.

"నా పిల్లలు..." అని ఆగిపోయింది.

లోవరాజు తలెత్తి చూద్దామంటే మెడ మీద గురువుగారున్నారు.

"చెయ్యి అందినంత ఎత్తులో గీశానండి..." అని గొణిగాడు.

"గోదారి కూడా నీ చెయ్యి అందినంత వరకే వస్తానందా?"

లోవరాజు ఆయన్ను కిందికి దించలేదు. కళ్లలో సున్నం తుడుచుకుని, "ఆ జాజు ఇలా అందించు అక్కా" అన్నాడు.

సుభద్రా, ఈ కథలో మీ అమ్మమ్మను నేను రాసిన పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఓసారి చూడవే.