నూకరాజు చెప్పిన పది జవాబులు

మీరేం చూశారో ముందు చెప్పండి.

ఒక గది. కుర్చీలో చదువుకున్న మనిషి. నేల మీద పదిహేడేళ్ళ కుర్రాడు, తల దించుకుని. నువ్వు కొట్టిన దెబ్బకి మనిషి చచ్చిపోయాడు, తెలుసా అని అడిగితే, తెలుసు సార్ అన్నాడు. ఏడవలేదు. గొంతు వణకలేదు. ఒక్కసారైనా కళ్ళెత్తలేదు.

చెప్పండి, ఏం చూశారు? చేసినదానికి బాధపడని వాణ్ణే కదా?

ఆ కుర్చీలో కూర్చున్న భార్గవ కూడా అదే చూశాడు. చూసింది చూసినట్టు పద్నాలుగు పేజీలు రాశాడు. ఆ పేజీల మీద వరహాలమ్మ గారు సంతకం పెట్టలేదు. అతని చిక్కంతా అదే.

భార్గవకి ఇరవై ఎనిమిదేళ్ళు. మనస్తత్వ శాస్త్రంలో పెద్ద చదువు చదివాడు, బంగారు పతకం తెచ్చుకున్నాడు. సముద్రం పక్క ఊళ్ళో, కేసుల్లో ఇరుక్కున్న పిల్లల్ని ఉంచే పరిశీలన గృహంలో నిపుణుడిగా చేరి ఏడాది కాలేదు. వరహాలమ్మ గారు ఆ పనిలో నలభై ఏళ్ళు ఉన్న మనిషి. జూట్ మిల్లు కార్మికుడి కూతురు. మిల్లు మూసేసిన ఏడాది చదువు ఆపి, గోనె సంచులు కుట్టి, మళ్ళీ చదువుకుంది. ఉద్యోగం నుంచి దిగిపోయినా, ఆమె సంతకం కూడా ఉంటేనే బాలల న్యాయమండలి నివేదిక తీసుకునేది. ఆమె దగ్గర నేర్చుకోవడమంటే వెనకాల నడవడమే. కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఎవరూ చూడలేదు.

ఆ కుర్రాడు నూకరాజు రాళ్ళ క్రషర్‌లో పనిచేసేవాడు. సూపర్‌వైజర్‌ని సుత్తితో కొట్టాడని కేసు. ఆ మనిషి మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. కొట్టింది నిజం. ఎందుకు కొట్టాడన్నది కాగితాల్లో లేదు. పోలీసులకీ చెప్పలేదు, భార్గవకీ చెప్పలేదు.

పదహారు దాటినవాడు ఇలాంటి కేసులో దొరికితే, వాణ్ణి పిల్లవాడిగా చూడాలా, పెద్దవాడిగా చూడాలా అని మండలి ముందు తేల్చాలి. పిల్లవాడంటే మహా అయితే మూడేళ్ళు, అదీ పిల్లల మధ్య. పెద్దవాడంటే కేసు పై కోర్టుకి పోతుంది, ఏళ్ళకేళ్ళు శిక్ష పడొచ్చు, ఇరవై ఒకటి నిండాక పెద్దల జైలు. తేల్చే ముందు మండలి నిపుణుణ్ణి అడుగుతుంది: ఈ కుర్రాడికి తను చేసిందేమిటో తెలుసా, దాని పర్యవసానం అర్థమయ్యే మనసేనా? అంటే నూకరాజు బతుకు ఎటు పోవాలో సగం ఆ పద్నాలుగు పేజీల్లోనే ఉంది. మండలి మర్నాడు పదకొండింటికి కూర్చుంటుంది.

మధ్యాహ్నం మూడింటికి వరహాలమ్మ గారు నివేదిక చదవడం మొదలుపెట్టింది. భార్గవ ఎదురుగా కూర్చున్నాడు. తెలివితేటల పరీక్షలో మార్కులు, కోపం కొలిచే పట్టికలు, అన్నీ ఒక్కో పేజీ. ఆమె ఏ పేజీనీ తొందరగా తిప్పలేదు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది.

అది సిరా మరకల కార్డుల పేజీ. కార్డు మీద ఉత్త మరక ఉంటుంది. చూసినవాడు తనకి ఏం కనిపిస్తే అది చెప్పాలి. సీతాకోకచిలుక అనొచ్చు, గబ్బిలం అనొచ్చు, కొట్టుకుంటున్న ఇద్దరు మనుషులనొచ్చు. చెప్పినదాన్ని బట్టి లోపలి మనసు అంచనా వేస్తారు. పది కార్డులకి నూకరాజు చెప్పిన పది జవాబుల్ని భార్గవ వరసగా రాశాడు. ఆమె పైకి చదివింది.

"నేల. నేల. పగులు. చీమలు. చీమలు. బూటు. బూటు. లేసు తెగింది. చీమలు ఎళ్ళిపోయాయి. ఏటీ నేదు సార్."

భార్గవ ముందుకు వంగి వివరించాడు. ఇన్నేళ్ళ చదువులో ఇలాంటి జవాబులు ఏ పుస్తకంలోనూ చూడలేదట. పగులంటే లోపల విరిగిన మనసు. చీమలంటే అందరూ తన మీదికి వస్తున్నారన్న అనుమానం. బూటు రెండుసార్లు వచ్చింది కాబట్టి, పై అధికారం మీద కసి. లేసు తెగడమంటే మనుషులతో బంధం తెగిపోవడం. ఇంకో అవకాశం కూడా ఉంది, కావాలనే మనల్ని వెక్కిరించి ఉండొచ్చు, అలాగైతే ఇంకా తెలివైనవాడి కింద లెక్క. రెండు విధాలా కుర్రాడు ప్రమాదమే.

వరహాలమ్మ గారు అంతా విన్నది. తర్వాత వంగి, బల్ల కింద ఒకసారి చూసి, మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"కార్డు ఎవరి చేతిలో ఉంది?"

తన చేతిలోనే అన్నాడు. ఖూనీ కేసు కాబట్టి వాడి చేతికి ఏమీ ఇవ్వొద్దని గార్డు చెప్పాడట. అందుకని తనే ఎడం చేత్తో ఎత్తి చూపించి, కుడి చేత్తో రాసుకున్నాడు. గార్డు గుమ్మంలో ఉన్నాడు.

"వాడి కళ్ళు ఎక్కడున్నాయి?"

"నేను రాసుకుంటున్నాను కదా మేడం."

ఆమె పెన్ను మూత పెట్టేసింది. భార్గవకి మొహం మాడింది. ఎక్కడ తప్పుందో చెబితే దిద్దుకుంటానన్నాడు. ఆమె గోడ గడియారం వైపు చూసింది. అప్పుడే నాలుగు గంటల లెక్కకి గంట కొట్టారు.

"రా నాయనా," అని లేచింది.

ఆ గృహంలో రోజుకి మూడుసార్లు పిల్లల్ని లెక్కపెడతారు. వరండాలో రెండు వరసలు. గొంతుక్కూర్చోవాలి, చేతులు వీపు వెనక, తల కిందికి. లెక్క అయ్యేదాకా తల ఎత్తకూడదు. లెక్క అప్పుడే కాదు, సార్ అనిపించుకునేవాళ్ళు ఎవరు మాట్లాడినా తల ఎత్తకూడదు. కాగితం మీద ఇలాంటి రూలు ఎక్కడా లేదు. గోడకి సున్నం ఎంత పాతదో ఇదీ అంత పాతది. భార్గవ రోజూ ఆ వరసల పక్కనుంచే తన గదిలోకి వెళ్తాడు.

వరహాలమ్మ గారు రెండో వరస చివర ఖాళీ చూపించింది.

"అక్కడ కూర్చో."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ఇస్త్రీ ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. గార్డు అప్పన్న ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోయాడు. ఇతన్ని కూడా లెక్కలో వేసుకోమని ఆమె చెప్పింది. వరసలో తలలు దించుకునే గుసగుసలు మొదలయ్యాయి.

"కొత్త కేసురా."

"ఏటి సేసినాడంట?"

"పుస్తకాలు ఎక్కువ సదివీసినాడంట."

అప్పన్న లాఠీ నేలకి తాటించాడు. గుసగుసలు ఆగిపోయాయి. అతను లెక్క మొదలుపెట్టాడు. ముప్ఫై ఒక్క మంది. భార్గవతో ముప్ఫై రెండు. ఎవరో ఒకడు తక్కువొచ్చాడని మళ్ళీ మొదటినుంచి. భార్గవ మోకాళ్ళు లాగాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నాడు. రెండోసారి లెక్కా తప్పింది. మూడోసారి.

ఎదురుగా అడుగుల చప్పుడు ఆగింది. వరహాలమ్మ గారి గొంతు పైనుంచి వచ్చింది.

"ఏం కనిపిస్తోంది?"

ఆమె చేతిలో కార్డు ఉంటుందని అతనికి తెలుసు. చటుక్కున తల ఎత్తాడు. వెంటనే అతని పక్కన నేల మీద లాఠీ ఠప్పున పడింది.

"తల దించు!"

అన్నాక గానీ అన్నది ఎవర్నో అప్పన్నకి తెలీలేదు. నాలుక కరుచుకున్నాడు. అలవాటులో వచ్చేసింది బాబూ అని సణిగాడు. ఆమె చేత్తోనే అతన్ని ఊరుకోమంది.

అప్పటికే భార్గవ తల దించేశాడు. ఎవరో మెడ మీద చెయ్యేసి నొక్కినట్టు దానంతట అదే దిగిపోయింది.

"ఏం కనిపిస్తోంది?" ఆమె మళ్ళీ అడిగింది. గొంతులో కోపం లేదు. పరీక్ష పెట్టేటప్పుడు అతను అడిగే పద్ధతిలోనే అడిగింది.

సిమెంటు నేల. వరండా పొడుగునా ఒక పగులు. పగుల్లోంచి చీమలు, మెతుకు ఒకటి మోసుకుంటూ. ఆ తర్వాత తన ఎడం కాలి బూటు. లేసు తెగి నెల దాటింది. మధ్యలో ముడి వేసుకుని నెట్టుకొస్తున్నాడు. మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాడు.



నూకరాజు మూడు తలల అవతల కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. కానీ ఇటువైపు కొద్దిగా తిరిగింది.

లెక్క సరిపోయింది. పిల్లలంతా లేచి వెళ్ళిపోయారు. భార్గవ చాలాసేపు లేవలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయని అప్పన్న అనుకుని చెయ్యి అందించాడు.

మర్నాడు పదకొండింటికి మండలి ముందు అతను ఒకే ఒక్క కాగితం పెట్టాడు. దాని మీద రెండు వాక్యాలు, రెండు సంతకాలు. "ఈ అబ్బాయిని నేను ఇంకా చూడలేదు. గడువు ఇప్పించండి." పద్నాలుగు పేజీలు సిద్ధమన్నారు కదా, అవేవని మేజిస్ట్రేట్ అడిగారు. భార్గవ తల దించుకున్నాడు. ఏడవలేదు. గొంతు పెగల్లేదు. అప్పుడతన్ని చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలీదు. మండలి పది రోజులిచ్చింది.

గార్డుని గుమ్మంలోంచి జరిపించడానికే రెండు రోజులు పట్టింది. సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. ఏమైనా జరిగితే నాదే బాధ్యతని భార్గవ రాసిస్తే ఒప్పుకున్నాడు. గదిలోంచి కుర్చీ బయట పెట్టించాడు. నేల మీద నూకరాజుకి ఎదురుగా కూర్చున్నాడు. మొదటి కార్డు తీసి వాడి చేతిలో పెట్టాడు. ఏమీ అడగలేదు.

వాడు కార్డు పట్టుకున్నాడు. చూడలేదు. అన్నం గంట కొట్టేదాకా అలాగే ఉన్నాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజు సాయంత్రం భార్గవ వరహాలమ్మ గారి ఇంటికి వెళ్ళాడు. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఉన్నది నాలుగే రోజులని, వాడు తల ఎత్తడం లేదని, ఇంకా ఎన్నాళ్ళు కూర్చోవాలని అడిగాడు.

ఆమె చేతిలో కాయ ఒలిచేదాకా ఆగింది.

"తల దించడం నేర్చుకోడానికి వాడికి ఎన్నేళ్ళు పట్టిందో అడిగావా?"

భార్గవ తిరిగి వెళ్ళిపోయాడు.

గడువులో ఎనిమిదో రోజు. ఇంకో రెండు రోజులు గడిస్తే మండలి కూర్చుంటుంది. అదే గది, అదే నేల. కార్డు వాడి చేతిలో చెమటకి అంచుల్లో మెత్తబడింది. బయట రోడ్డు మీద రాళ్ళ లారీ ఒకటి గేరు మార్చుకుంటూ ఎక్కుతోంది. ఆ చప్పుడుకి వాడి భుజాలు బిగుసుకున్నాయి. భార్గవ అది చూశాడు. రాసుకోలేదు. పెన్ను తేలేదు.

లారీ దూరమైంది.

"ఇది సూడమంటారేటి, సార్?" అన్నాడు నూకరాజు, నేలతోనే.

"నీ ఇష్టం," అన్నాడు భార్గవ.

వాడు మెత్తబడిన అంచుని వేలితో నొక్కాడు. తర్వాత తల ఎత్తాడు. ముందు గుమ్మం వైపు. అక్కడ ఎవరూ లేరు. ఆ తర్వాత ఎదురుగా. కార్డు చేతిలోనే ఉంది, దాన్ని చూడలేదు. తిన్నగా భార్గవ మొహంలోకి చూశాడు. దెబ్బ పడదని నమ్మకం కుదిరేదాకా చూశాడు. ఆ తర్వాత కూడా చూశాడు. భార్గవ కళ్ళు తిప్పుకోలేదు.

మొదట మిమ్మల్ని అడిగాను, మీరు ఏదో ఒకటి చెప్పే ఉంటారు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను, ఆ కుర్రాడి వైపునుంచి.

వాడికి ఏం కనిపించింది?