మంత్రిగారి నిండు ఇళ్లు

మధ్యాహ్నం, ఎడతెగని వాన. రాజధానిలో అద్దెలు భరించలేక ఆరుగురు విద్యార్థులు కారే గుర్రపుసాలలో తడుస్తున్నారు. వాళ్లలో ఒకతైన పైడి కొలువులో రాజుగారికి మొరపెట్టుకుంటుంటే, తల్లి అంకమ్మ వెనకాల భయంభయంగా నిలబడింది.

"ఖాళీ ఎక్కడుంది ప్రభూ? నా పన్నెండిళ్లూ కిటకిటలాడుతున్నాయి," అన్నాడు, అద్దెలు పెరగాలని ఆ ఇళ్లన్నీ ఖాళీగా తాళాలేసుకున్న మంత్రి.

"కాపురమున్న ఇంటికొకరు ఏటికట్టకు మట్టి మోయాలని, రాకుంటే యజమానికి కొరడాదెబ్బలని నిన్న చాటించారు కదా మహాప్రభూ! మంత్రిగారి ఇళ్లనుంచి ఒక్కరూ రాలేదేం?" అంది పైడి.

మంత్రి మొహం పాలిపోయింది. "అవి... ఖాళీ ఇళ్లే ప్రభూ!"

"అయితే ఒక తాళంచెవి ఆ పిల్లకివ్వు," అన్నాడు రాజు.

ఇది నా కడుపునే పుట్టిందా అని అంకమ్మ నోరు వెళ్లబెట్టింది.

"ఇల్లొచ్చిందిగా, ఇక మేమూ ఊరివాళ్లమే!" అంటూ ఆరుగురూ కట్టకు పరిగెత్తారు.

పొద్దుగూకే వేళ కొత్త గుమ్మంలో నిలబడి, కట్టనుంచి తిరిగొస్తున్నవాళ్లను అంకమ్మ లెక్కపెట్టింది. నలుగురు, ఐదుగురు... బురదకాళ్లతో పైడి. ఆరుగురు.