కొక్కేనికి ఎక్కిన గుమ్మడికాయ

బొబ్బిలి దారిలో ఒక చిన్న ఊళ్ళో, గోనెసంచుల మిల్లులో పనిచేసే సన్యాసిరావుకి అప్పంటే భయం లేదు గానీ, నలుగురూ నవ్వుతారంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. పెళ్ళిళ్ళలో పక్కవాడు ఎంత చదివిస్తే దానికి పైన చదివించి, ఇంటికొచ్చి నెలంతా మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవాడు. అలాంటి మనిషి బ్యాంకులో అప్పు తీసుకుని రెండు గదుల డాబా ఇల్లు కొన్నాడు.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి. చుట్టాలు భోంచేశారు. దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టడానికి గుమ్మం మీద ఇనుప కొక్కెం కూడా కొట్టారు. కాయ పట్టుకుని సన్యాసిరావు స్టూలు ఎక్కబోతుంటే భార్య పైడమ్మ ఆపింది.

"కట్టకు మావా. దిష్టి మన ఇంటికి కదా తగిలేది! ఇల్లింకా మనది కాదు. కాయితాలు బ్యాంకు బీరువాలో ఉన్నాయి. అవి మన చేతికొచ్చిన రోజున, మనం పండించిన కాయే కడదాం."

"ఇరవై ఏళ్ళ అప్పే! అందాకా గుమ్మం బోడిగా ఉంటే నలుగురూ ఏటనుకుంటారు?"

"అనుకోనీ," అంది పైడమ్మ.

ఆమె ఊరికే అన్న మాట కాదది. ఆమె చిన్నతనంలో పుట్టిల్లు తాకట్టులో పోయింది. గిన్నెలూ చేటలూ తోపుడుబండి మీద వేసుకుని, వీధంతా చూస్తుండగా నడిచి వెళ్ళిపోయిన రోజు ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. అందుకే డాబా ఇంట్లో పడుకున్నా ఆమెకి కంటినిండా నిద్ర ఉండేది కాదు.

మర్నాడే పని మొదలెట్టింది. ఖాళీ రంగు డబ్బాలు, పగిలిన బిందెలు, మిల్లువాళ్ళు పారేసిన చిరుగు గోనెసంచులు మేడ మీదకి చేరవేసింది. మట్టీ పేడా కలిపి నింపింది. బియ్యం కడిగిన నీళ్ళు ఒక్క చుక్క పారబోసేది కాదు. ఏడాది తిరిగేసరికి మేడంతా బచ్చలి, గోంగూర, బీర, ఆనప. ఇంటికి బజారు కూర రావడమే మానేసింది. అలా మిగిలిన డబ్బు చింతపండు జాడీలో పడేది. జాడీ నిండినప్పుడల్లా బ్యాంకుకి వెళ్ళి, నెల వాయిదా కాకుండా అసలులో కూడా కొంత కట్టి వచ్చేది. ఏటా కాసిన బూడిద గుమ్మడి మాత్రం వడియాలైపోయేది. కొక్కెం ఖాళీగానే ఉండేది.

సన్యాసిరావుకి పొదుపు ఇష్టమే. కాకపోతే అది ఎవరికీ కనబడకూడదు! మిల్లులో మధ్యాహ్నం క్యారేజీ విప్పితే బచ్చలికూర. మూత అడ్డం పెట్టుకుని తినేవాడు. ఆదివారం పూట సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళి, ఒకే ఒక్క కాలీఫ్లవరు కొని, పువ్వు పైకి కనబడేట్టు పెట్టుకుని, నాలుగు వీధులు తిరిగి ఇంటికొచ్చేవాడు.

"ఊరేగింపు అయిందా మావా?" అని పైడమ్మ పడీపడీ నవ్వేది.

ఎదురింటి చంద్రమౌళి కూడా మిల్లులోనే పనిచేసేవాడు. వాళ్ళింట్లో గడప తప్ప ప్రతి వస్తువూ వాయిదాలదే. ఈ మధ్యనే మరో అప్పు చేసి ఇంటి మీద అంతస్తు లేపాడు. ఒకనాడు టీ కొట్టు దగ్గర అందరూ వింటుండగా సన్యాసిరావు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏటి బావా, వీధిలో నీ ఇల్లొక్కటే పొట్టిగా మిగిలిపోయింది! బ్యాంకువాళ్ళు పిలిచి మరీ ఇస్తుంటే పైన గదులెయ్యవేం? ఇల్లు కొన్నది తోటకూర పెంచుకోడానికా?"

కొట్టు దగ్గరున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆ నవ్వు సన్యాసిరావు చెవిలో జోరీగలా తిరిగింది. వారం తిరక్కుండా మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మేస్త్రీ మేడ కొలిచి, "ఈ డబ్బాలు, పాదులూ అన్నీ తీసెయ్యాలమ్మా," అన్నాడు.

పైడమ్మ ముఖం పాలిపోయింది. అప్పు అప్పటికే సగానికి దిగింది. మళ్ళీ పెంచితే ఆ కాయితాలు తను బతికుండగా చేతికొస్తాయా? పిట్టగోడ మీదకి పాకిన గుమ్మడి పాదు చూపించింది.

"కాయ దిగింది, చూడు మావా. ఇంకా నూగుతో పచ్చగా ఉంది. బూడిద పట్టేదాకా ఆగు. పిందె ఉన్న పాదు పీకకూడదని మా అమ్మ అనేది. కాయ కోశాక నీ ఇష్టం."

సన్యాసిరావు గొణిగాడు. అయినా ఆ పాపం తనకెందుకని ఆగాడు.

కాయకి బూడిద పట్టేలోగానే మిల్లుకి తాళం పడింది. గేటుకి నోటీసు అంటించి యజమానులు వెళ్ళిపోయారు. జీతం లేదు. మరి వాయిదాలు ఆగుతాయా? చంద్రమౌళి గుమ్మం ముందు అప్పులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడ్డారు. ఫ్రిజ్జు పోయింది. బండి పోయింది. సన్యాసిరావు ఇంట్లో మాత్రం పూటపూటా కూర ఉడుకుతూనే ఉంది. కానీ బ్యాంకు వాయిదా మాటేమిటి? జాడీలో డబ్బు ఎన్నాళ్ళొస్తుంది?

పైడమ్మ గంపలో కూరలు సర్ది సైకిలు వెనక కట్టింది. ఇంకో గంప తన నెత్తికెత్తుకుంది.

"నేను రైలుగేటు అవతలకెళ్తాను. నువ్వు మన వీధి చూసుకో మావా."

"మన వీధిలోనా! నేనా! తల కొట్టేసినట్టుంటుందే!"

"మా అయ్యా ఇలాగే అన్నాడు. పరువు తక్కువని ఏ పనికీ పోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి ఇల్లే పోయింది. ఆ తోపుడుబండి వెనక నడిచాను మావా నేను. మళ్ళీ నడవలేను."

సన్యాసిరావు సైకిలు తీశాడు. వీధి మొదట్లో నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు.

"బచ్చలే... ఆనపకాయలే..."

ఒక గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో గుమ్మంలోంచి, "ఓర్నాయనో, ఎవరనుకున్నాను, మన సన్యాసిరావే!" అని గట్టిగా నవ్వు వినిపించింది. అంతే, సన్యాసిరావు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాడు. పడలేదు! కళ్ళు తెరిచేసరికి ఆ నవ్విన ఆవిడే చేట పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఆనపకాయ లేతదేనా?" అని అడిగింది.

ఓస్, ఇంతేనా! ఇన్నేళ్ళూ తను హడలి చచ్చింది దీనికా! సన్యాసిరావుకి తన మీద తనకే నవ్వొచ్చింది.

"గోరు గుచ్చి చూడమ్మా! లేతది కాకపోతే డబ్బులివ్వకు!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. ఆ పూట గంప ఖాళీ చేసుకునే ఇల్లు చేరాడు. ఆ నెల వాయిదా కూరల డబ్బుతోనే గట్టెక్కింది. తర్వాతి నెలా అంతే.

కొన్నాళ్ళకి మిల్లు తెరిచారు. సన్యాసిరావు పనిలోకి వెళ్ళాడు గానీ ఆదివారం సైకిలు మానలేదు. క్యారేజీ మూత అడ్డం పెట్టుకోవడం మానేసి, బచ్చలికూర పదిమందికీ వడ్డించడం మొదలెట్టాడు. ఒకనాడు మేస్త్రీ ఎదురుపడి, "గుమ్మడికాయ కోశారా బాబూ? పని మొదలెడదామా?" అని అడిగాడు.

"కోశాం, వడియాలు పెట్టాం, సంతలో అమ్మాం కూడానూ! నా మేడ మీద అంతస్తు ఉందోయ్. నీకు కనబడలేదంతే!" అన్నాడు సన్యాసిరావు.

వాయిదా జీతంలోంచి పోయేది. అసలు తోటలోంచి తరిగేది. ఇరవై ఏళ్ళ అప్పు పదకొండో ఏట తీరిపోయింది. బ్యాంకు మేనేజరు కళ్ళజోడు సర్దుకుని, "ఇంత తొందరగానా! లాటరీ ఏమైనా తగిలిందా అమ్మా?" అని అడిగాడు.

"ఆనపకాయ తగిలింది బాబూ," అంది పైడమ్మ.

కాయితాలు చేతిలో పెట్టగానే ఆమె వాటిని గుండెకి హత్తుకుని, అక్కడే, బ్యాంకు మధ్యలో నిలబడి భోరుమని ఏడ్చింది. చుట్టూ జనం చూస్తున్నారు. సన్యాసిరావు ఆ సంగతే పట్టించుకోలేదు. తనూ ఏడ్చాడు.

ఆ సాయంత్రం మేడ మీద నుంచి అన్నిటికన్నా పెద్ద కాయ కోసి తెచ్చారు. వంటినిండా బూడిద పట్టిన కాయ! పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గోనె పురికొసతో అల్లిన ఉట్టిలో కూర్చోబెట్టారు. సన్యాసిరావు స్టూలెక్కి కొక్కేనికి తగిలించాడు. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. ఒక్కరూ నవ్వలేదు. అందరూ వెళ్ళాక చంద్రమౌళి గుమ్మం దగ్గర తచ్చాడుతూ మిగిలాడు.

"బావా... నాలుగు ఆనప గింజలుంటే ఇస్తావా? మా పై అంతస్తు మీద ఎండ బాగా పడుతుంది."

సన్యాసిరావు దెప్పలేదు. గుప్పెడు గింజలూ, రెండు పాత గోనెసంచులూ తెచ్చి ఇచ్చాడు.

"బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యకు బావా."

"మరి ఎవరైనా నవ్వితే?"

"నవ్వినవాళ్ళకే మొదటి కాయ అమ్ము!"

మర్నాడు పొద్దెక్కినా పైడమ్మ లేవలేదు. ఇంటి కాయితాలు తలగడ కింద పెట్టుకుని, ఆదమరిచి నిద్రపోతోంది. సన్యాసిరావు లేపలేదు. బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని తనే మేడెక్కాడు.

నలుగురూ నవ్వుతారని జడిసి చేసిన అప్పును ఆ నలుగురూ వచ్చి తీర్చరు. పొదుపుకి సిగ్గుపడనివాడే తన ఇంట్లో తను హాయిగా నిద్రపోతాడు.