జంట బొమ్మలో రెండోది

“ఈ మొక్కులు ఆపించాలా, వద్దా?” అని అడిగింది హైమ. పొద్దుటినుంచి మ్యూజియంలో కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి గురువు కామాక్షమ్మగారి ముందు ఆగింది. ఆవిడకి ఒక అలవాటు. ప్రశ్న వేసినవాళ్లకి జవాబివ్వదు, ప్రశ్న పుట్టిన చోటికి నడుస్తుంది.

పుట్టింది మూడో అద్దాల పెట్టె దగ్గర. అందులో పడమటి మెక్సికో మట్టిబొమ్మ, కొలంబస్ పుట్టడానికి వెయ్యేళ్ల ముందే కాల్చింది. వెడల్పాటి నడుం, పొట్టమీద చేతులు. మన పండితులకి అంతకన్నా ఏం కావాలి! హైమ కూడా “సంతాన దేవత” అని చీటీ రాసి అంటించింది. నెల తిరక్కుండా పెట్టె ముందు పసుపూ కుంకుమా, అరటిపళ్లూ.

ఆ వేళ ఒక అత్తగారు కోడల్ని రెక్కపట్టుకుని పెట్టె చుట్టూ తిప్పుతోంది. “గట్టిగా మొక్కుకోవే! శ్రావణం దాటితే మావాడికి ఇంకో సంబంధం చూస్తానని చెప్పానా, లేదా?” కోడలు కొంగు మెలిపెడుతూ నడుస్తోంది.

“మీ అబ్బాయి రాలేదా?” అంది కామాక్షమ్మ.

“వాడెందుకండీ? మగాడు, వాడికేం లోటు?”

కామాక్షమ్మ గోదాంలోకి వెళ్లి మరో బొమ్మ తెచ్చింది. అదే మట్టి, అదే చేతిపని, మోకాళ్లు ముడుచుకు కూర్చున్న మగాడు. హైమ మొహం పాలిపోయింది. రెండూ ఒకే సమాధిలో పక్కపక్కనే దొరికాయని రికార్డులో ఉంది. జనం ఆడబొమ్మనే చూస్తారని ఇతన్ని లోపల పెట్టించింది తనే.

“ఈవిడ జోడీ ఇతనమ్మా. మొక్కేదుంటే ఇద్దరూ రావాలి. మీవాణ్ణీ తీసుకురండి,” అంది కామాక్షమ్మ అత్తగారితో.

అత్తగారు నోరు తెరిచేలోపే కోడలు తలెత్తింది. “డాక్టరమ్మ కూడా అదే చెప్పింది అత్తయ్యా. ఆయన్నీ పరీక్ష చేయించుకోమని మూడుసార్లు రాసిచ్చింది. మూడుసార్లూ మీ అబ్బాయి చింపేశారు.”

రెక్క పట్టుకున్న చెయ్యి జారిపోయింది. “పద, ఇంటికెళ్లి మాట్లాడదాం” అంది పెద్దావిడ, నేలకేసి చూస్తూ.

కోడలు కదల్లేదు. “ఫోన్ చెయ్యండి. ఇక్కడికే రమ్మనండి.”

అత్తగారు సంచిలో ఫోను కోసం చాలాసేపు వెతుక్కుంది.

“మరి మొక్కుల సంగతి...” అని నసిగింది హైమ.

“ముందు పెట్టెలో ఈయనకి చోటు చెయ్యవే,” అంది గురువు. “పాపం, ఇన్నాళ్లూ చీకట్లో హాయిగా కూర్చున్నాడు.”